పంచని తాబేలు

తులూమా పెట్టె మూత బిగిసిన చప్పుడుకి లెపేకా చేతిలోని మొగలిపాయ పుటుక్కున తెగింది.

అల్లుతున్న చాపను ఒళ్లోనే ఉంచుకుని తలెత్తి చూసింది. మొగుడు లుహియానో గుమ్మం దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. వేటకి వెళ్లేటప్పుడు పడవలో పెట్టుకునే ఆ కర్రపెట్టెలో తన సామానంతా సర్దేశాడు. సామానంటే ఎంతని. రెండు చొక్కాలు, ముత్యపుచిప్పతో చేసిన గాలాలు నాలుగు, ఒక జపమాల, గడ్డం గీసుకునే కత్తి. పదిహేడేళ్ల కాపురం మూరెడు పెట్టెలో పట్టేసింది.

"ఎక్కడికి?" అంది.

"మా అక్కయ్య ఇంటికి."

"పెద్దలింకా కూర్చోనేలేదు."

"పొద్దు వాలగానే కూర్చుంటారు. వాళ్లు పొమ్మన్నాక పోతే సిగ్గు, అనకముందే పోతే మర్యాద. పైగా మా బావ గురక మొదలెట్టేలోపు నేను నిద్రపోవాలి. లేకపోతే తెల్లవార్లూ అదే సంగీతం."

నవ్వించాలని అన్నాడు. లెపేకాకి నవ్వు రాలేదు.

నుకునోను దీవిలో ఏ మగాడి కథైనా ఇంతే. పుట్టిన ఇల్లు అక్కచెల్లెళ్లది, కాపురమున్న ఇల్లు పెళ్లాం తల్లిది. మగాడికి సొంతానికి ఉండేది పడవ, గాలం, ఈ పెట్టె. ఊళ్లో మగాళ్లందరూ ఇల్లరికపు అల్లుళ్లే అయినప్పుడు ఇల్లరికమని వెక్కిరించేవాడెవడు. కానీ అత్తింటి నుంచి పెట్టె సర్దుకుని నడిచిన మగాణ్ణి మాత్రం ఊరు ఊరంతా వాకిట్లోకి వచ్చి చూస్తుంది.

"తాబేలుని దాచమన్నది నేను," అంది లెపేకా గొంతు తగ్గించి.

"పట్టింది నేను."

"పట్టడం తప్పు కాదు."

"ఊరుకో. అమ్మ వింటుంది."

ఇద్దరూ ఇంటి మధ్యకి చూశారు. అకెనేతె ముసలమ్మ నిట్రాడు పక్కన చాప మీద పడుకుని ఉంది. దీవి మధ్యలోని మడుగు నీళ్ల మీంచి లేచిన ఎండ కప్పు లోపలి ఆకుల మీద అలలు అలలుగా ఆడుతోంది. ఆమె ఆ అలల్నే చూస్తోంది. ఒక్కోసారి చెయ్యి ఎత్తి, వాటిలో దేన్నో పట్టుకుని, మళ్లీ వదిలేస్తోంది.

ఎనిమిది పదులు దాటిన మనిషి. ఈ ఇంటికి పునాదిరాయి. ఆ మాట ఊరికే పొగడ్త కాదు, అక్కడ ఇంటి ఆడవాళ్లలో పెద్దదాన్ని అలాగే పిలుస్తారు. మగాళ్లు సముద్రం నుంచి తెచ్చేది, చేమగుంటల్లోంచి తవ్వేది, కొబ్బరితోపుల్లో రాలేది, అంతా వచ్చి ఆమె ముందు పడాలి. ఆమె పంచాలి. యాభై ఏళ్లుగా ఆ చెయ్యి పంచుతూనే ఉంది. ఆ చేతి తరవాత చెయ్యి లెపేకాది అని ఊరంతా అనుకుంటున్నదే.

నిన్నటి దాకా తొమ్మిది రోజులు ఆ ముసలమ్మ నోట్లోకి కొబ్బరిమొవ్వు నుంచి దించిన తీపినీరు తప్ప మరేదీ దిగలేదు. మొన్న పొద్దున్నే కళ్లు మూసుకుని, ఎవరో ఆమెను వడ్డనకి కూర్చోబెట్టినట్టు, "తాబేలు కాలేయం," అంది. అంతే. మళ్లీ నిద్రలోకి జారిపోయింది.

నిన్న తెల్లవారుజామున లుహియానో మడుగు అవతలి దిబ్బ నుంచి వస్తూ పడవలో ఒక తాబేలుని తెచ్చాడు. మరీ పెద్దది కాదు. సంతోషంగా కేకేస్తూ వచ్చాడు. ఎందుకంటే తాబేలు దొరికినవాడిది కాదు, ఊరిది. చర్చి ముందు మైదానంలో పడేస్తే అక్కడ కోస్తారు, అరవై రెండు ఇళ్లకి అరవై రెండు వాటాలు వేస్తారు. చిన్న చేపలు నీ ఇష్టం. తాబేలు ఒక్క ఇంట్లో పొయ్యెక్కిందన్న మాట మాత్రం ఆ దీవిలో ఎవరూ విని ఉండరు.

లెపేకా ఒడ్డుకి పరిగెత్తి పడవ అంచు పట్టుకుంది.

"మైదానానికి వద్దు," అంది.

"పిచ్చా? మన వాటా మనకిస్తారుగా."

"అరచేతిలో ముక్క ఇస్తారు. మెడతోలు వస్తుందో, ఈదే రెక్క వస్తుందో. అమ్మ కాలేయం అడిగింది."

లుహియానో చాలాసేపు నీళ్లలోకి చూశాడు. తరవాత తాబేలు మీద కొబ్బరిమట్టలు కప్పాడు.

అదీ జరిగింది. ముసలమ్మ నాలుగు ముద్దలు తింది. తొమ్మిది రోజుల తరవాత నవ్వింది. "ఊరంతా తిన్నారా?" అని అడిగింది. "తిన్నారమ్మా," అంది లెపేకా. అది నిన్నటి మధ్యాహ్నం. తాబేలు కొవ్వు పొగ సంగతి ఎవరికి తెలియదు. అది గోడలెక్కి, దడులు దాటి, చావిట్లో కూర్చున్న ముసలాళ్ల ముక్కుల్ని పలకరించి వచ్చింది. మిగిలిన మాంసం రెండు గంపల నిండా వంటపాకలో, తడి ఆకుల కింద, ఇప్పటికీ ఉంది.

"ఆ గంపలు పట్టుకెళ్లి బయటి సముద్రంలో పారేసి వస్తాను," అన్నాడు లుహియానో.

"తిండి పారేస్తావా?"

"తినలేం, పారెయ్యలేం, పంచలేం. మరేం చేస్తాం, దణ్ణం పెట్టుకుంటామా?"

లెపేకా తెగిన మొగలిపాయని వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్లీ చుట్టుకుంది.

బయట పగడపు గులకల మీద అడుగుల చప్పుడైంది. ఆ నడక ఆమెకి తెలుసు. చాప తీసుకుని పక్కకి తిరిగి కూర్చుంది.

వచ్చినవాడు ఫలానికో, ఆమె అన్న. పెద్దల చావిట్లో అందరికన్నా చిన్నవాడు, అందరి తరఫునా మాట్లాడేవాడు. ఇంటి అంచున, ఆమెకి వీపు పెట్టి కూర్చున్నాడు. పెద్దయ్యాక అన్నాచెల్లెళ్లు ఎదురెదురుగా కూర్చోకూడదు. అన్న చెల్లెలి మీద గొంతెత్తకూడదు. చెల్లెలు అడిగినదాన్ని కాదనకూడదు. ఆమెకి పదమూడో ఏడు వచ్చినప్పటి నుంచి అతని మొహం ఆమె నిండా చూడలేదు. ఆ వీపుని మాత్రం బాగా ఎరుగును. కోపం వస్తే ఎడమ భుజం పైకి లేస్తుంది. ఇప్పుడు లేచే ఉంది.

"బావా," అన్నాడు లుహియానోతో, "మీ ఇంట్లోవాళ్లకి ఒక మాట చెప్పు."

"చెప్పు బావా. వాళ్లు వింటూనే ఉన్నారు."

"పెద్దలు మంచివాళ్లు. ఇంటి పేరు పాడుచెయ్యాలని ఎవరికీ లేదు. బయటి నుంచి వచ్చినవాడు తెలియక చేశాడు, ఏడాది పాటు వాళ్ల అక్క ఇంట్లో ఉంటాడు, పడవెక్కడు, అని తేలిస్తే అంతటితో అయిపోతుంది. ఇంటి ఆడవాళ్ల మీద మచ్చ పడదు. అమ్మ తరవాత ఎవరు కూర్చోవాలో వాళ్లే కూర్చుంటారు."

"నేను పుట్టిందీ ఈ ఊళ్లోనే బావా. తెలియక ఎలా చేస్తాను?"

"తెలియలేదనే అనుకుందాం."

"అనుకోండి మరి. పెట్టె సర్దేశాను." లుహియానో లేచి పెట్టె చంకన పెట్టుకున్నాడు. గుమ్మం దాటబోయి ఆగాడు. "వంటపాకలో నిప్పు చూసి వస్తాను," అని అటు వెళ్లాడు. పాపం, వెళ్లడానికి కాళ్లు రాక.

ఇంట్లో అన్నాచెల్లెళ్లు మిగిలారు. మధ్యలో మాట అందించే మనిషి లేడు. ఫలానికో కాసేపు గొంతు సవరించుకున్నాడు. తరవాత నిట్రాడు వైపు కొంచెం తిరిగి దానితో మాట్లాడటం మొదలుపెట్టాడు.

"ఈ ఇల్లు ఎన్నో గాలివానలకి నిలబడింది," అన్నాడు స్తంభంతో. "ఒక తాబేలుకి కూలిపోకూడదు."

"తప్పు చేసింది ఒకరు, తోసేసేది ఇంకొకర్నా?" అంది లెపేకా, చాపతో.

"తప్పు తమదేనని ఈ ఇంటివాళ్లు ఒప్పుకున్నారనుకో. అప్పుడు పునాదిరాయి పదవి పెదతల్లి కూతురి చేతికి పోతుంది. చేమగుంటలు, తోపులు, అన్నీ. దాచినదాని చేత పంచిస్తారా ఎక్కడైనా? అలాంటి మనిషి పదిమందికి పెట్టినట్టు కనిపిస్తుంది, కుండ అడుగున మాత్రం తనకో ముక్క ఉంటుంది. ఆ సంగతి ఈ స్తంభానికి కూడా తెలుసు."

"ఆ నిట్రాడుకి చెవుడు నాయనా," అంది చాప మీంచి అకెనేతె. "కాస్త గట్టిగా చెప్పు."

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. ముసలమ్మ కళ్లు కప్పు మీద ఆడే అలల మీదే ఉన్నాయి.

"అమ్మా, మేలుకునే ఉన్నావా?"

"ఏమో. మీ నాన్న వచ్చి వెళ్లాడు. పడవ నిండా నీళ్లున్నాయి, తోడటానికి కొబ్బరిచిప్ప ఇమ్మన్నాడు. పోయి ముప్పై ఏళ్లయినా చిప్ప మర్చిపోవడం మానలేదు." ముసలమ్మ చిన్నగా నవ్వింది. "ఇందాక మా అమ్మమ్మ కూడా వచ్చింది. దొంగ ఓడల సంగతి చెబుతోంది. పెరూ వాళ్లొచ్చి మనుషుల్ని బానిసలుగా ఎక్కించుకుపోయారే, ఆ సంగతి. ఓడలు పోయిన మర్నాడు మిగిలినవాళ్లు వేటకి వెళ్లారట. ఆకలి ఆగదుగా. చేపలు ఎప్పట్లాగే పడ్డాయట. పంచేవాడు ఎప్పట్లాగే ఇంటింటి పేరూ పిలిచాడట. సగం పేర్లకి ఎవరూ పలకలేదు. వాటాలు ఇసక మీద అలాగే ఉన్నాయి. ఎవరూ తియ్యలేదు. పక్షులు కూడా దిగలేదని చెప్పేది మా అమ్మమ్మ. పక్షుల సంగతి నేను నమ్మను. పక్షి ఆగదు."

ఫలానికో ఎడమ భుజం మెల్లగా దిగింది. ఏదో అనబోయాడు.

అప్పుడే మైదానం నుంచి కేక వినిపించింది. "ఇనాతి. ఇనాతి." పంపకానికి పిలుపు అది. పొద్దున వెళ్లిన పడవలు వచ్చాయి, చేప పంచుతున్నారు. పేరు వెంట పేరు గాలిలో తేలి వస్తోంది. ఒక్కో పేరుకీ ఒక ఆడగొంతు "ఓ" అని పలుకుతోంది. పెద్దల మనిషి ఇంకా ఇక్కడే కూర్చున్నాడే అని లెపేకాకి ఆశ్చర్యంగా ఉంది. వెళ్లమని మాత్రం అనలేదు.

ఎడమవైపు ఇళ్లు అయ్యాయి. మడుగు ఒడ్డువి మొదలయ్యాయి. ఇంకా మూడు. ఇంకా రెండు. లెపేకా పీట మీది బుట్ట వైపు చూసింది. ప్రతి రోజూ ఈపాటికి అది చేతిలో ఉండేది.

"అకెనేతె ఇల్లు," అని పిలిచారు.

ఎవరూ కదల్లేదు. రెండోసారి పిలిచారు. ఫలానికో తల వంచుకున్నాడు. మూడోసారి పిలవలేదు, తరవాతి పేరుకి వెళ్లిపోయారు.

బయటి సముద్రం ఒక పక్క, మడుగు ఒక పక్క, రెండు నీళ్ల చప్పుడూ ఈ ఇంటి మధ్యలోకి వచ్చి కలిసి ఊరుకున్నట్టనిపించింది లెపేకాకి. ఒక్క క్షణం ఈ నేల నేలే కాదు, నీళ్ల మీద పరిచిన చాప అనీ, ఎవరో ఒక మూల పట్టుకుని దులపబోతున్నారనీ అనిపించింది.

"పేరు పిలిస్తే పలకరేం? గొంతులో ముల్లు దిగిందా?"

పక్కింటి కొలొనేలియా. రెండు సూరచేపల్ని ఈనెకి గుచ్చి మోసుకుంటూ లోపలికి వచ్చింది. మనిషి లావు, గొంతు అంతకన్నా లావు. ఫలానికోని చూసి కొంగు సర్దుకుంది గానీ నోరు సర్దుకోలేదు.

"పెద్దలు ఇక్కడున్నారా. సరే. మీ వాటా తెచ్చాను. అక్కడే వదిలేద్దామనుకున్నాను, చెయ్యి ఊరుకోలేదు." చేపల్ని ముసలమ్మ చాప పక్కన పెట్టింది. లెపేకా వైపు చూడకుండా అంది, "పొగ సంగతి చెప్పింది నేనే. అడిగారు. పెలెనాతో పెద్దయ్య ముక్కు మూసుకుని అడిగితే అబద్ధమైనా చెప్పొచ్చు, ముక్కు ఎగబీల్చి అడిగితే ఎలా చెప్పను?"

"మంచి పని చేశావు," అంది లెపేకా.

"ఎత్తిపొడుపా?"

"కాదు. నిజంగానే."

కొలొనేలియా ఏడుపు మొహం పెట్టింది. తిట్టి ఉంటే తట్టుకునేది.

అకెనేతె చెయ్యి చాచి చేపల మీద పెట్టింది. తడి పొలుసుల మీద వేళ్లు మెల్లగా నడిచాయి. మొప్ప దగ్గర ఆగాయి.

"ఇది పంచినది," అంది. "నిన్నటిది పంచనిది."

లెపేకా తల్లి వైపు జరిగింది. "అమ్మా..."

"కాలేయం పెట్టావు. పక్కనే రెక్కమాంసం పెట్టావు. రెండూ ఒకే ఆకులో." ముసలమ్మ గొంతులో కోపం లేదు. పాత వంటకం గురించి చెబుతున్నట్టుంది. "నాకు ఎనభై ఏళ్లు దాటాయి అమ్మడూ. ఎన్ని తాబేళ్ల వాటాలు తిని ఉంటాను. కాలేయం వచ్చిన రోజు రెక్క రాలేదు, రెక్క వచ్చిన రోజు కాలేయం రాలేదు. రెండు రకాలు ఒక ఇంటికి ఎన్నడూ రాలేదు. రెండో ముద్దకే తెలిసిపోయింది నాకు."

వంటపాక నుంచి తిరిగి వచ్చిన లుహియానో పెట్టె చంకనే పెట్టుకుని గుమ్మంలో ఆగిపోయాడు.

"తెలిసాక ఎందుకు తిన్నావమ్మా?" అంది లెపేకా.

"ఆశ," అంది అకెనేతె. "యాభై ఏళ్లు పంచాను. ఒక్కసారి పంచకుండా తింటే ఎలా ఉంటుందో చూద్దామని."

కొలొనేలియాయే ఆగలేక అడిగింది. "ఎలా ఉంది పిన్నీ?"

"ఎంత బాగుందో చెప్పలేను. అందుకే కదూ పంచమన్నారు పెద్దలు."

కొలొనేలియా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వో, ఏడుపో.

"అల్లుడూ," అంది ముసలమ్మ, "ఆ పెట్టె కింద పెట్టు. చెయ్యి నొప్పి పుడుతుంది. మిగిలింది తీసుకురా."

"అత్తయ్యా, మిగిలింది..."

"రెండు గంపలన్నా ఉంటుంది. అంత తాబేలు నాలుగు ముద్దల్లో అయిపోదు. పారేసి ఉంటే మా అమ్మాయి నిన్నే పారేసి ఉండేది. తీసుకురా. కొలొనేలియా, నువ్వు సీమపనస ఆకులు కోసుకురా. అరవై రెండు."

ఫలానికో లేవబోయాడు. పెద్దల మనిషి ఇది చూడకూడదు కదా.

"నువ్వు వెళ్లు నాయనా," అంది తల్లి. "నీ చోటు చావిట్లో. నేను నిన్ను తిట్టడం లేదు. నిట్రాడుతో మాట్లాడి అలసిపోయావు."

అతను వెళ్లాడు. గులకల మీద అడుగులు రెండుసార్లు ఆగి, మళ్లీ నడిచాయి.

ఆ మధ్యాహ్నం ఆ ఇంట్లో జరిగింది లెపేకా ఎన్నాళ్లకీ మరిచిపోలేదు. తల్లిని తన ఒంటికి ఆనించుకుని కూర్చోబెట్టింది. ఆ వీపు ఎండిన కొబ్బరిమట్టంత తేలిగ్గా ఉంది. ముందు మాంసం గంపలు, చుట్టూ ఆకుపచ్చటి ఆకులు. ముసలమ్మ కత్తి తీసుకుంది. వణుకుతూనే ఉంది చెయ్యి, మాంసానికి తగిలేసరికి మాత్రం వణుకు ఎటో పోయింది. కొసరు లేదు, తరుగు లేదు. బొటనవేలంత ముక్కలు. రెక్క, మెడ, పొట్ట, కొవ్వు, ఏది ఏ ఆకులో పడుతుందో చూడకుండా కళ్లు మూసుకునే వేసింది.

"చూసి వేస్తే నచ్చినవాళ్లకి మెత్తటిది వెళ్తుంది," అంది. "నిన్న నువ్వు చూసి వేశావు. నేను నచ్చినదాన్ని కనక నాకు కాలేయం వచ్చింది."

కప్పు మీది వెలుగు పసుపురంగుకి తిరిగింది. ముసలమ్మ ఒక్కో ఆకుకీ ఒక్కో ఇంటి పేరు చెబుతోంది, ఎవరో నీళ్ల అడుగు నుంచి పిలిచి చెప్పిస్తున్నట్టు. ఒక పేరు దగ్గర కొలొనేలియా అడ్డుపడింది.

"పిన్నీ, ఆ ఇల్లు ఖాళీ. అందరూ ఓడెక్కి వలసపోయి మూడేళ్లయింది."

"తెలుసు. వెయ్యి."

"ఎవరు తింటారు?"

"తినేవాళ్లు లేరని పేరు తీసేస్తామా? దొంగ ఓడల నాటి సంగతి నీకూ చెప్పాను కాదూ?"

లుహియానో ఆకుల్ని మట్టల బుట్టల్లో పేర్చాడు. చివరి వాటా పడింది, ఒక ఆకు ఖాళీగా మిగిలింది. గంపల అడుగు కనిపించింది. లెపేకా లెక్క చూసింది. అరవై ఒకటి.

"అమ్మా, ఒకటి తక్కువైంది. మన ఇంటిది."

"మనం తిన్నాంగా," అంది అకెనేతె. కత్తిని నీళ్లలో కడిగి, తిప్పి, పిడి వైపు లెపేకాకి అందించింది. లెపేకా అందుకోలేదు. ముసలమ్మ దాన్ని కూతురి ఒళ్లో, తెగిన మొగలిపాయ పక్కన పెట్టేసి వెనక్కి వాలింది. "నన్ను ఎవరైనా అడిగితే నాకు తెలిసే తిన్నానని చెప్పు. నువ్వేం చెప్పుకుంటావో నీ ఇష్టం. నాకు నిద్ర వస్తోంది. మీ నాన్న ఇంకా చిప్ప కోసం నిలబడే ఉన్నాడు."

చావిడికి నడిచేటప్పుడు ముందు లెపేకా, చేతిలో ఒక బుట్ట. వెనక కొలొనేలియా, రెండు బుట్టలు. "నేనే చెప్పాను, నేనే మోస్తాను," అంది, ఎవరూ అడక్కుండానే. అందరికన్నా వెనక లుహియానో. తాబేలు చిప్పని బోర్లించి నెత్తిన పెట్టుకున్నాడు, ఇంక దాచేదేముందన్నట్టు. ఊరు ఊరంతా వాకిట్లోకి వచ్చింది.

చావిట్లో పెద్దలు పన్నెండుమంది స్తంభానికి ఒకరుగా ఆనుకుని కూర్చుని ఉన్నారు. చెల్లెలు లోపలికి వస్తే అన్న లేచి వెళ్లిపోవాలి, అది పద్ధతి. ఫలానికో లేవడానికి చేతులు నేల మీద ఆన్చాడు.

"కూర్చో," అన్నాడు పెలెనాతో పెద్దయ్య. పెద్దలందరిలోకీ పెద్ద, ఎండిన చేపలాంటి మనిషి. "ఈ పూట నువ్వు లేస్తే చావిడే లేచిపోతుంది."

బుట్టలు మధ్యలో దిగాయి. పెలెనాతో పెద్దయ్య ఒక ఆకు తీసి విప్పాడు. ముక్కని చూశాడు. ఇంకో బుట్టలోంచి ఇంకొకటి విప్పాడు. రెండిటినీ అరచేతుల్లో పెట్టుకుని తూచినట్టు చూశాడు.

"సరిసమానంగా ఉన్నాయి," అన్నాడు. "ఎవరు పంచారు?"

లుహియానో నోరు తెరిచాడు. లెపేకా అతనికన్నా ముందే మాట్లాడింది.

"పంచింది మా అమ్మ. పంచకుండా దాచింది నేను. నా మొగుడు మైదానానికే తెస్తున్నాడు, ఒడ్డున పడవ ఆపింది నేను. అమ్మ తెలిసే తిన్నానని చెప్పమంది, కనక అది కూడా చెబుతున్నాను. అతని పెట్టె మా ఇంట్లోనే ఉంది. అక్కడే ఉంటుంది."

చావిట్లో ఎవరో దగ్గారు. లుహియానో నెత్తిన చిప్ప కొంచెం పక్కకి జారింది. పెదతల్లి కూతురు బయట ఆడవాళ్లలో నిలబడి ఉంది. ఆమె మొహంలో సంతోషమేమీ లేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

మడుగు మీంచి ఎండ చావిట్లోకి కూడా వచ్చి అందరి మొహాల మీదా అలలాడుతోంది, పన్నెండుమందీ నీళ్ల అడుగున కూర్చున్నట్టు. చివరికి పెలెనాతో పెద్దయ్య ఒక ఆకుని తీసుకెళ్లి ఫలానికో ముందు పెట్టాడు.

"నీ అత్తింటి వాటా ఇది," అన్నాడు. "ఒకరోజు ఆలస్యంగా పంచిన తాబేలు అనుకోవాలా, దొంగిలించిన తాబేలు అనుకోవాలా, నాకు తెలియడం లేదు. ఆమెకి అన్నవి నువ్వు. ఊరి తరఫున మాట్లాడేదీ నువ్వే. నువ్వు తింటే అది ఆలస్యం, మేమూ తింటాం. నువ్వు తినకపోతే దొంగతనం. అప్పుడేం చెయ్యాలో మాకు తెలుసు."

ఫలానికో ఎడమ భుజం లేచింది.

ఒక్క మాట చాలని లెపేకాకి తెలుసు. "తిను అన్నయ్యా," అంటే చాలు. చెల్లెలు అడిగినదాన్ని అన్న కాదనలేడు, ఈ దీవిలో ఎవరూ ఎన్నడూ కాదనలేదు. పెలెనాతో పెద్దయ్య ఆమె పెదవుల వైపే చూస్తున్నాడు. చావిడంతా చూస్తోంది.

నిన్న ఒడ్డున లుహియానోని అలాగే అడిగింది. అడిగి తీసుకున్న దాంట్లో పంచుకోవడానికి ఏముంటుంది.

ఆమె పెదవులు బిగించుకుని, చేతులు కట్టుకుని నిలబడింది.

ఆకు మీద చిన్న ముక్క. దాని పక్కన ఫలానికో చెయ్యి. ఆ చెయ్యి ఆకు వైపు కదల్లేదు, వెనక్కీ పోలేదు. నెమ్మదిగా, మెడ నొప్పి పెడుతున్నట్టు, అతను తల ఎత్తాడు. ఆమె పదమూడో ఏడు తరవాత మొదటిసారి చెల్లెలి మొహంలోకి నిండా చూశాడు.